కుంపటికి కబురు

నిప్పు రాజబెట్టినవారు దానిని విడిచి పోరాదనుట మన యిండ్లలో ఎవరును వ్రాసిపెట్టకుండనే నడచుచు వచ్చిన శాసనము. బాలింత మంచము క్రింద పెట్టిన బొగ్గుల కుంపటికి కావలిగా ఒక ముసలమ్మ పీట వేసికొని కూర్చుండి, అరచేయి దానిమీదికి చాచి వేడిమిని కొలుచుచు, చల్లారబోయినప్పుడు విసనకఱ్ఱతో విసరి, అధికమైనప్పుడు బూడిద కప్పి, తెల్లవార్లు దానిని పసిబిడ్డవలె సాకుట నా చిన్ననాట చూచినదే. అట్టి వాడుకలో పెరిగిన నాకు, ఇటలీ దేశమున టురిన్ నగరపు రైల్వేస్టేషనులో ప్లాట్‌ఫారముమీద నిలుచుండి మా అల్లుడు జేబులోని ఫోను తీసి బొటనవ్రేలితో ఒక గుర్తును తాకగా, అక్కడికి గంటసేపటి ప్రయాణమంత దూరమున, ఆల్ప్సు పర్వతముల పాదమున సూసా లోయలో తాళము వేసియున్న యింటిలో కుంపటి తనంతట తాను మేల్కొని రాజుకొనునని తెలిసినప్పుడు, ఆశ్చర్యముకంటె ముందుగా భయమే కలిగినది.

"ఏం ఫరవాలేదు మామయ్యగారూ, అది మనకన్నా జాగ్రత్తగా ఉంటుంది," అని అతడు నవ్వెను.

నా భయములో కొంత అజ్ఞానమును కొంత న్యాయమును గలవని ఆ శీతకాలమంతయు అక్కడ గడపిన పిదప గాని తేలలేదు. గృహమును వెచ్చబెట్టు కుంపటిని వైఫైతో ముడిపెట్టి దూరము నుండి నడపుట సాధ్యమా అని యిప్పుడు ఎవరును అడుగరు. సాధ్యమేయని అంగడిలోని పెట్టెలే చెప్పుచున్నవి. ఏ కుంపటిని, ఏ త్రోవన, ఎవరి మధ్యవర్తిత్వమున, ఏ మేరవఱకు అనునవి విచారింపదగిన ప్రశ్నలు.

నిప్పు కావలిని మనిషినుండి తప్పించి యంత్రమునకు అప్పగించు యత్నము కొత్తది కాదు. పదునేడవ శతాబ్దారంభమున కార్నీలిస్ డ్రెబెల్ అను డచ్చి శిల్పి కోడిగ్రుడ్లను పొదుగు పెట్టెకు, లోపలి వేడిమి హెచ్చగానే గాలిదారి తనంతట మూసికొను ఉపాయమును కల్పించెను. 1883లో అమెరికాయందలి విస్కాన్సిన్ రాష్ట్రమున వారెన్ జాన్సన్ అను కళాశాలాచార్యుడు గదిలోని వేడిమిని విద్యుత్తుద్వారా తెలుపు సాధనమునకు పేటెంటు పొందెను. అంతకు పూర్వము కళాశాల నౌకరు గంటగంటకును తరగతులలోనికి వచ్చి, పాఠము నాపి, ఉష్ణమాపకమును చూచిపోయి, నేలమాళిగలోని కొలిమి తలుపులను సర్దవలసి వచ్చెడిది; జాన్సన్ పన్నిన తీగవలన ఆ నేలమాళిగలోనే గంట మ్రోగి, ఫలానా గది చల్లబడినదని నౌకరునకు తెలిసెడిది. మూడేండ్లకు, 1886లో, మినియాపొలిస్ నగరవాసి ఆల్బర్టు బట్జ్ ఇంకొక యడుగు వేసి, గది చల్లబడినప్పుడు బొగ్గుకొలిమి గాలితలుపును మోటారుచే తెఱపించి, వెచ్చబడినప్పుడు మూయించు యంత్రమునకు పేటెంటు తీసికొనెను. ఆ వ్యాపారమే కాలక్రమమున చేతులు మారి, పేరు మారి, హనీవెల్ సంస్థగా పెరిగినది. ఈ క్రమము గమనింపదగినది. మొదట పుట్టినది కబురు. ఆ వెనుక పుట్టినది నడపుట. నేడు ఫోనులోని యాప్‌ను కొనువారు ఈ రెంటిని ఒకే వస్తువుగా తలంచి, విలువ తక్కువైన దానికే ఎక్కువగా మురియుచున్నారని నా అభిప్రాయము.

ఐతే బొగ్గునకును కట్టెకును ఒక మొండితనము గలదు. కట్టెను తూచి పొయ్యిలో వేసినను, అది ఎప్పుడు అంటుకొనునో, ఎంతసేపు మండునో దాని పచ్చిదనము, దాని చేవ, ఆనాటి గాలి నిర్ణయించునే గాని యంత్రము నిర్ణయింపజాలదు. డెన్మార్కు దేశమున హ్వామ్ అను సంస్థ కట్టెల కుంపటికే వేడిమిని, ప్రాణవాయువును కొలుచు సాధనములను అమర్చి, గాలిదారులను మోటారులచే సవరించి, దానిని వైఫైకి కలిపినది. మరల కట్టె వేయవలసిన వేళ ఎప్పుడో ఆ కుంపటి తెలియజేయును. కాని కట్టె వేయవలసినది మనమే, అగ్గిపుల్ల గీయవలసినదియు మనమే. దూరము నుండి రాజబెట్టవలెనన్నచో ఇంధనము బియ్యపుగింజలవలె జారిపడునదియు, గింజగింజకును ఒకే తీరున మండునదియు కావలెను.

అట్టి యింధనము రంపపు పొట్టుతో చేసిన గుళిక. చమురు ధరలు మండిపోయిన 1970ల తరువాత, అమెరికా వాయవ్య భాగమున కోతమిల్లుల చెంత కొండలుగా పేరుకొన్న రంపపు పొట్టును చూచి, విమానశాస్త్రము చదివిన జెర్రీ విట్‌ఫీల్డ్ అను ఇంజనీరు 1983 ప్రాంతమున గుళికలతో మండు గృహపు కుంపటిని రూపొందించెను. పొట్టును ఎండబెట్టి మిక్కిలి ఒత్తిడితో సన్నని రంధ్రములగుండ త్రోయగా, చెక్కలోనే సహజముగా నున్న లిగ్నిన్ అను పదార్థము వేడికి మెత్తబడి జిగురువలె పట్టి, చల్లారగానే గట్టిపడును. వేరొక జిగురు అక్కఱ లేదు. ఐరోపాలో ఇండ్లకు అమ్ము మేలురకపు గుళిక 6 మిల్లీమీటర్ల లావుండి, తేమ నూటికి 10 పాళ్ళు, బూడిద నూటికి 0.7 పాళ్ళు మించకుండును. అమెరికాలో పుట్టిన ఈ కుంపటి ఇటలీలో పెంపుడుబిడ్డయై, కన్నవారింటికంటె పెంచినవారింట ఎక్కువగా వర్ధిల్లినది. ఆ దేశపు ఇండ్లలో ఏటా ముప్పది లక్షల టన్నుల ప్రాంతమున గుళికలు మండుచున్నవి. వెనీస్ ప్రాంతమందలి చిన్నచిన్న ఊళ్ళలో ఈ కుంపట్లు చేయు కార్ఖానాలు, వానికి బోర్డులు చేయు కార్ఖానాలు, ఆ బోర్డులకు యాప్‌లు వ్రాయు కుఱ్ఱవాండ్రు ఒకరి ప్రక్కన ఒకరు బ్రదుకుచున్నారు.

ఈ కుంపటి ఎట్లు మేల్కొనునో ఎదుట కూర్చుండి చూచిన గాని దూరపు చేతి విషయము తలకెక్కదు. మా అమ్మాయి యింట నేను సాయంకాలము నాలుగున్నర గంటలకు దాని యెదుట కుర్చీ వేసికొని కూర్చుండెడివాడను. మొదట వెనుకభాగమున పొగను ఈడ్చు ఫ్యాను సన్నగా రొద చేయును. పిదప తొట్టి అడుగున మరలు తిరిగిన ఉక్కుకడ్డీ కొంచెము తిరిగి ఆగును, మరల తిరిగి ఆగును. తిరిగిన ప్రతిసారి పిడికెడైనను కాని గుళికలు గొట్టములోనుండి ఇనుప మూకుడులోనికి, రేకుల కప్పుమీద వడగండ్లు పడిన చప్పుడుతో రాలును. మూకుడు వెనుకనున్న విద్యుత్ కడ్డీ సుమారు 300 వాట్లు త్రాగుచు ఎఱ్ఱనై, దానిమీదుగా వచ్చు గాలిని గుళికలపైకి ఊదును. నాలుగైదు నిమిషములు పొగయే కాని మంట యుండదు. అద్దము వెనుక బూడిదరంగు మబ్బు సుళ్ళు తిరుగును. ఇంక రాజుకొనదేమో అని మనకు అనుమానము పుట్టినంతనే ఒక మూలనుండి పసుపుపచ్చని నాలుక లేచి మూకుడునంతయు నాకివేయును. పొగగొట్టములోని వేడిమి ఒక మట్టము దాటినదని తెలిసికొన్న తరువాత గాని బోర్డు ఇది నిజముగా మంటయే అని నమ్మదు. ఆర్పుటయు ఇంత పనియే: గుళికలు రాలుట ఆగును గాని, మూకుడులోనివి బూడిదయై, పొగగొట్టము చల్లబడువఱకు, ఇంచుమించు అరగంటసేపు, ఫ్యాను తిరుగుచునే యుండవలెను.

కావున కుంపటిని విద్యుద్దీపమువలె భావించుట మొదటి పొరపాటు. ఈ పొరపాటునకు అంగడిలో దొరకు రూపము వైఫై ప్లగ్గు. గోడలోని సాకెట్టునకును కుంపటి తీగకును నడుమ దీనిని పెట్టి, ఫోనుతో కరెంటు తీసివేసిన కుంపటి ఆరిపోవునని కొందఱు తలంతురు. కరెంటు పోగానే మొదట ఆగునది పొగను ఈడ్చు ఫ్యాను. మూకుడులోని గుళికలు మాత్రము ఆగవు, ఊపిరాడక మసలుచు పొగను కక్కును. పొగగొట్టమునకు సహజమైన లాగుడు బలముగా లేనిచో ఆ పొగయు, దానితోడి కార్బన్ మోనాక్సైడును ఇంటిలోనికే త్రోవ చేసికొనును. వాసన లేని ఆ విషవాయువు గుఱించి హెచ్చరించు గంటను కుంపటి యున్న గదిలో పెట్టుకొనుట ఏ యాప్‌కంటెను ముందు చేయవలసిన ఖర్చు. ఇంక అట్టి ప్లగ్గుతో కరెంటు మరల ఇచ్చినంతమాత్రమున కుంపటి రాజుకొనునా అన్న, అదియు లేదు. కరెంటు పోయి వచ్చినదని గ్రహించి పెక్కు కుంపట్లు చల్లార్చుకొను పనిలో పడును. ఆర్పుటకు ప్రమాదకరము, వెలిగించుటకు నిష్ప్రయోజనము ఐన ఈ సాధనమును గుఱించి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

రెండవ త్రోవ సాధువైనది, పాతది. చాలమట్టుకు కుంపట్ల బోర్డుమీద బయటి థర్మోస్టాటు కొరకు రెండు తీగల చోటు విడిచియుందురు. ఆ రెండును కలిసినచో గదికి వేడిమి కావలెనని, విడినచో చాలునని కుంపటికి అర్థము. దానిని పనివారు డ్రై కాంటాక్టు అందురు. అనగా ఆ తీగలలో బయటి కరెంటు చుక్కయైనను పోరాదు. వైఫై గల థర్మోస్టాటును కొని, దాని 230 వోల్టుల తీగను ఏమరుపాటున ఈ చోట బిగించి, బోర్డును కాల్చుకొన్నవారు గలరు; కొనునప్పుడు డ్రై కాంటాక్టు గలదా అని అడిగి కొనుట మేలు. ఈ పద్ధతిలో నాకు నచ్చిన గుణమేమనగా, ఫోను చెప్పునది ఒక్క మాటయే: "చలిగా నున్నది." రాజబెట్టుట, గుళికలు లెక్కించుట, తగ్గించుట, చల్లార్చుట అనునవన్నియు కుంపటి తన వివేకమున తానే చేసికొనును. మన మాట దానికి ఆజ్ఞ గాక విన్నపముగా చేరును. తలుపు తెఱచియున్నను, పొగగొట్టము మూసికొన్నను అది ఆ విన్నపమును నిరాకరింపగలదు. లోపమెక్కడ అనగా, నిరాకరించినదని మనకు తెలియదు.

పరారుణ కిరణముల రిమోటును అనుకరించు చిన్న డబ్బాలకును ఇదే లోపము, మఱింత అధికముగా గలదు. అవి చీకటిలో కేకవేసి బదులు కొరకు ఆగక వెడలిపోవునట్టివి.

వైఫై రాకముందు పర్వతగ్రామములందలి రెండవ యిండ్లకు జీఎస్ఎమ్ మోడెములు అమర్చెడివారు. వాని సిమ్‌కార్డునకు ఒక చిన్న సందేశము పంపిన కుంపటి రాజుకొనెడిది, రాజుకొన్నదని బదులు పంపెడిది. దీనిని మా అల్లుడు ఒక వింతగా వర్ణించుచుండగా నాకు నవ్వు వచ్చినది. ఏలయన, ఇదే సాధనమును తెలంగాణములోను రాయలసీమలోను పొలమునందలి మోటారునకు బిగించి, మొబైల్ స్టార్టరని పిలుచుచు, రైతులు ఏండ్లతరబడి వాడుచున్నారు. త్రీఫేజు కరెంటు అపరాత్రివేళ వచ్చు దినములలో, పాములను, తడిసిన తీగలను లెక్కచేయక చీకటిలో గట్లవెంట పోవలసిన యవస్థనుండి అది వారిని తప్పించినది. ఆ రైతును అడిగిచూడుడు: మోటారు వేయుటకంటె, కరెంటు వచ్చినదా, మోటారు నిజముగా తిరుగుచున్నదా, నీరు పడుచున్నదా లేక ఒట్టిగా తిరిగి కాలిపోవుచున్నదా అను కబురే తనకు ముఖ్యమని చెప్పును. మనిషి లేకుండ తనంతట తిరుగు యంత్రము ఎట్టి చిక్కు తెచ్చునో కూడ అతనికి తెలియును. కరెంటు వచ్చినంతనే మోటారును త్రిప్పు ఆటో స్టార్టర్లను, వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల కరెంటు 2018 జనవరి 1 నుండి ఇచ్చుటకు పూనుకొన్నప్పుడు, తొలగింపుడని తెలంగాణ ప్రభుత్వము రైతులను వేడుకొనినది; ఎవరికిని అక్కఱ లేనివేళ కూడ బావులన్నియు ఒక్కుమ్మడి తోడబడునని వారి భయము. కుంపటి విషయమున ఐరోపావారు ఇప్పుడు నేర్చుకొను పాఠములలో సగము మన బోరుబావుల దగ్గఱ నేర్చినవే.

మూడవ త్రోవ కుంపటి చేసినవారే అమ్ము వైఫై ముక్క. ఆస్ట్రియాలో రికా, ఇటలీలో ఎమ్‌సీజెడ్ మొదలగు సంస్థలన్నియు దీనిని అమ్ముచున్నవి. కొన్నింటిలో ముందే అమర్చి యిత్తురు. సౌకర్యమునకు దీనిని మించినది లేదు: మంట ఏ దశలో నున్నదియు, పొగ వేడిమి ఎంతయు, తప్పు సంఖ్య యేదియు ఫోనులో కనబడును. కాని ప్రక్కగదిలోని ఫోనునుండి ఈ గదిలోని కుంపటికి పోవు మాట తఱచుగా దేశాంతరమందలి ఒక సర్వరు వఱకు పోయి మరలి వచ్చును. ఆ సర్వరు మౌనము వహించిన నాడు ఏమగునో ఒక జనవరి సాయంకాలమున మాకు అనుభవమైనది. మధ్యాహ్నమే ఊరిలో కరెంటు పోయి వచ్చుటచే రూటరు స్తంభించినది. కుంపటి చల్లారి ఊరకున్నది. సర్వరు మాత్రము తనకు అందిన చివరి వార్తనే పట్టుకొని, "పనిచేయుచున్నది, 20 డిగ్రీలు" అని ఫోనులో చూపుచునే యుండెను. మేము తలుపు తీయునప్పటికి ఇల్లు 11 డిగ్రీల వద్ద నున్నది. మా అమ్మాయి చంటివానిని కోటుతోనే మంచముమీద పడుకోబెట్టి, "నాన్నా, వీడికి ఆ ఇరవై డిగ్రీలు ఫోన్లోంచి తీసి కప్పమనండి మీ అల్లుణ్ణి," అన్నది. వార్త ఎంత ప్రాతదో చెప్పని కబురు అబద్ధముతో సమానము. యాప్‌లు వ్రాయువారు సంఖ్య ప్రక్కనే అది అందిన వేళను చూపుట ఏల అంత కష్టమో నాకు నేటికిని బోధపడలేదు.

రూటరు దోషము రూటరుదే గాని, కుంపటి దోషమును కొంత గలదు. అది ఉక్కుపెట్టె, దాని వెనుక, గోడ నంటి, వేడిలో కూర్చుండిన వైఫై ముక్కకు సంకేతము బలహీనముగా అందును. ఇట్టి ముక్కలు సాధారణముగ 2.4 గిగాహెర్ట్‌జ్ మార్గమునే ఎఱుగును. కొత్త రూటరు 5 గిగాహెర్ట్‌జ్‌ను మాత్రమే పలికినచో అవి విననేరవు. కుంపటి పాడైనదని మేస్త్రీని పిలిపించి డబ్బిచ్చి పంపినవారి కథలలో పెక్కింటికి మూలము ఇంతమాత్రమే.

నాలుగవ త్రోవ చేతిపని తెలిసినవారిది. 2014లో షాంఘై నగరపు ఎస్ప్రెసిఫ్ సంస్థ ఈఎస్‌పీ 8266 అను వైఫై చిప్పును మిక్కిలి చౌకగా వెలువరించిన నాటినుండి, కుంపటి బోర్డుతో ముఖాముఖి మాటలాడుట గృహస్థునకు సాధ్యమైనది. ఇటలీ కుంపట్లలో అనేకమునకు మైక్రోనోవా అను సంస్థ బోర్డులు గలవు. వాని ప్రక్కనున్న చిన్న సాకెట్టులో సెకనుకు 1200 స్పందనల మందగమనముతో, ఒకే తీగమీద ప్రశ్నయు బదులును నడచును. రెండు బైట్లు పంపిన ఒక జ్ఞాపకస్థానమును చదువవచ్చును. నాలుగు పంపిన అందులో వ్రాయవచ్చును. అల్లుడు ఒక ఆదివారమున భోజనాల బల్లమీద తీగలు పఱచుకొని ఈ సంభాషణము నాకు చూపెను. గది వేడిమి యుండు చోటును అడుగగా 41 అని వచ్చినది. నలుబదియొక్క డిగ్రీలా అని నేను ఉలిక్కిపడితిని; అర డిగ్రీలలో లెక్కయట, 20.5 అని అర్థమట. కుంపటి దశను చెప్పు చోట 0 అనిన ఆరియున్నది, 3 అనిన రాజుకొనుచున్నది, 4 అనిన మండుచున్నది, 8 అనిన గుళికలు లేవు, 9 అనిన రాజుకొనలేదు. ఇంతటి పెద్ద కుంపటి ప్రాణస్థితి ఒక్క అంకెలో ఇముడుట చూచి, నాడి పట్టుకొని రోగము చెప్పు మా ఊరి వైద్యుడు తలపునకు వచ్చెను.

ఇట్లు చదివిన అంకెలను ఇంటిలోని చిన్న కంప్యూటరునకు చేర్చుటకు ఎమ్‌క్యూటీటీ అను పద్ధతిని వాడుదురు. 1999లో ఐబీఎమ్‌కు చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్కును, ఆర్లెన్ నిప్పర్ అను ఇంజనీరును చమురుగొట్టముల వార్తలను ఉపగ్రహము ద్వారా పొదుపుగా తెప్పించుటకై దీనిని కల్పించిరి. 2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు ఆ వార్తలను ఇంటి గోడలు దాటనీయకుండనే పట్టికగా చూపగలదు. ఈ త్రోవలో సర్వరు చచ్చినను మనకు లోటు లేదు. కాని చదువుటకును వ్రాయుటకును గల భేదమును మఱవరాదు. గుళికల మోతాదును, ఫ్యాను వేగమును నిర్ణయించు అంకెలు కూడ ఆ జ్ఞాపకములోనే యున్నవి. పొగగొట్టము పొడవును బట్టి, గుళికల రకమును బట్టి అనుభవజ్ఞుడైన మేస్త్రీ సరిచేసిన అంకెలను తెలియక తాకుట, వైద్యుని చీటీలో మన చేతితో సున్నలు చేర్చుట వంటిది. హామీపత్రము చెల్లకపోవుట అందులో చిన్న నష్టము.

ఇంతకును ఇంత ప్రయాసపడి పొందు లాభమెంత? దీనికి ఐరోపా శాసనమే ఒక విచిత్రమైన లెక్క చెప్పుచున్నది. గృహములలో ఘన ఇంధనముతో మండు కుంపట్లకు 2022 జనవరి 1 నుండి అమలైన 2015/1185 నిబంధనము, గుళికల కుంపటికి కనీసము నూటికి 79 పాళ్ళ ఋతుసామర్థ్యము కావలెనని విధించి, దానిని లెక్కించునప్పుడు నియంత్రణ సాధనములకు కొన్ని మార్కులు చేర్చును. గది వేడిమిని కొలిచి వారపు కాలపట్టికనుబట్టి నడచు విద్యుత్ నియంత్రణమునకు 7 పాళ్ళు. దూరము నుండి నడపు సౌకర్యమునకు 1 పాలు. నా యనుభవమును ఇంతకంటె ఎక్కువ చెప్పదు. నియతముగా ఆఫీసునకు పోయివచ్చు కుటుంబమునకు సోమవారము మొదలు శుక్రవారము వఱకు నాలుగున్నరకు రాజుకొమ్మని కాలపట్టికలో ఒకసారి వ్రాసిన, ఫోనును ముట్టనక్కఱయే లేదు. రైలు తప్పిన దినము, సెలవునుండి ముందుగా తిరిగివచ్చు దినము, శనివారమునకు గాని తెఱువని కొండమీది యిల్లు, ఇవి ఆ ఒక్క పాలు. ఇందులో కొండమీది యింటివారికి మాత్రము అది నిజముగా పెద్ద పాలే. గొట్టములలో నీరు గడ్డకట్టక మునుపే ఇల్లు 5 డిగ్రీలకు పడినదని తెలిసికొనుట వారికి ఒక మేస్త్రీ ఖర్చు తప్పించుటతో సమానము.

దూరపు చేతికి మఱియొక హద్దు గలదు, అది తొట్టి. కిలో గుళికలలో 4.8 కిలోవాట్‌గంటల వేడిమి యుండును. నూటికి తొంబది పాళ్ళు గదికి దక్కినను 4.3 మాత్రమే. 8 కిలోవాట్ల కుంపటి నిండుగా మండిన గంటకు రెండు కిలోలకు కొంచెము తక్కువగా తినును. 15 కిలోల సంచి ఎనిమిది గంటలలో ఖాళీయగును. సన్నని మంటపై ఒక దినము నడచును. మూకుడులో గట్టిపడిన చిట్టెమును గీకుట, బూడిదను తీయుట, అద్దమును తుడుచుట, ఏటేటా పొగగొట్టమును శుభ్రపఱచుట, వీనిలో దేనిని ఏ యాప్ చేయజాలదు. చిట్టెముతో రంధ్రములు పూడిన మూకుడును చూడకయే దూరము నుండి రాజబెట్టినచో, గుళికలు కుప్పపడి ఆలస్యముగా ఒక్కసారి భగ్గుమనుట గలదు.

మంటకంటె మఱచిపోవుటకు ఎక్కువ అవకాశమున్నది మంట యెదుటి చోటు. ఉదయము బయలుదేరు తొందరలో మా అమ్మాయి తడిబట్టల స్టాండును కుంపటి యెదుట జేనెడు దూరమున నిలిపినది. సాయంకాలము అల్లుడు రైలులోనుండి రాజబెట్టినాడు. తెల్లని తువాలుమీద అరచేయంత గోధుమరంగు మచ్చతో ఆ నాడు గండము గడచినది. ముందువైపు సుమారొక మీటరు ఖాళీ యుండవలెనని చేతిపుస్తకములో నుండనే యున్నది. ఇంటిలో నుండి రాజబెట్టువాడు పుస్తకము చదువకపోయినను స్టాండును చూచి తొలగించును, దూరము నుండి రాజబెట్టువాడు పుస్తకము కంఠస్థము చేసినను చూడలేడు. కుంపటిని చేసినవారు ఈ సత్యమును కొంతవఱకు ఎఱిగియే యున్నారు. తొట్టి వేడెక్కినచో గుళికలను ఆపు ఉష్ణరక్షకము ఒకసారి తెగినచో, మూత విప్పి చేతితో బొత్తాము నొక్కిననే గాని మరల కలియదు. ఫోనునుండి దానిని కలుపు వసతిని బుద్ధిపూర్వకముగా విడిచిపెట్టిరి. కుంపటి దగ్గఱకు ఎవరో ఒకరు వచ్చి, వంగి, చూడవలెనని దాని తాత్పర్యము.

దొంగల విషయము చెప్పకున్న సమీక్ష అసంపూర్ణము. ఒక గృహపు కుంపటిని పనిగట్టుకొని ఎవడు దోచును అని నిర్లక్ష్యము చేయువారికి, 2016 చివర ఫిన్లండ్ దేశమందలి లాపేన్‌రాంటా పట్టణమున రెండు నివాసభవనముల తాపనవ్యవస్థ ఇంటర్నెట్టు తాకిడికి పదేపదే ఆగిపోయిన సంగతి చెప్పవచ్చును. అదే సంవత్సరము మిరాయి అను దుష్టసాఫ్ట్‌వేరు, కార్ఖానాలో పెట్టిన సంకేతపదములను ఎవరును మార్చని కెమెరాలను, రూటర్లను లక్షలకొలది వశపఱచుకొని అక్టోబరు 21న అమెరికాలో పెద్దపెద్ద సైట్లను మూయించినది. వానికి ఆ యిండ్లమీద పగ లేదు, తలుపు తీసియుండుటయే చాలును. 2024 జనవరిలో యుద్ధమధ్యమున ఉక్రెయిన్ నగరమైన ల్వీవ్‌లో ఆరువందలకు పైబడిన భవనములకు గడ్డకట్టు చలిలో రెండు దినములు వేడిమి లేకుండ చేసినదియు ఇట్టి దాడియే. శాసనకర్తలు ఆలస్యముగానైనను మేల్కొనిరి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుండి అన్ని పెట్టెలకు ఒకే సంకేతపదముతో అమ్ముట నిషిద్ధము; ఐరోపా సమాఖ్యవారి సైబర్ శాసనపు ముఖ్యవిధులు 2027 డిసెంబరు 11న అమలగును. అంతవఱకు కుంపటిని అతిథులకిచ్చు వేరు వైఫైలో నుంచుట, రూటరులో బయటివారికి ద్వారము తెఱువకుండుట గృహస్థుని చేతిలోనివే.

దొంగలకంటె నన్ను ఎక్కువ చింతింపజేయునది సర్వరుల యజమానుల ఓపిక. ప్రసిద్ధమైన నెస్ట్ థర్మోస్టాటునకు వచ్చిన సాఫ్ట్‌వేరు మార్పులోని తప్పువలన 2016 జనవరిలో బ్యాటరీలు ఇగిరిపోయి, అమెరికాలో అనేకుల యిండ్లు నడిచలిలో చల్లబడినవి. 2011లో అమ్మకమునకు వచ్చిన ఆ థర్మోస్టాటు తొలి తరమునకు, దాని తరువాతి తరమునకును 2025 అక్టోబరు 25తో దూరనియంత్రణ సేవ నిలిచిపోయినది; గోడమీద చేతితో త్రిప్పిన పనిచేయును, ఫోను మాట మాత్రము వినదు. పదునాలుగేండ్లు సాఫ్ట్‌వేరు లోకమున దీర్ఘాయుస్సే కావచ్చును. ఇనుముతో చేసిన కుంపటికి అది నడివయస్సు. కొనువాడు అంగడిలో అడుగవలసినది యాప్‌లో ఎన్ని రంగులున్నవని గాక, సర్వరు లేని నాడు కుంపటిమీద బొత్తాములతో అన్ని పనులును జరుగునా యని.

మా వాండ్రు పలు ప్రయోగముల తరువాత స్థిరపడిన ఏర్పాటు చెప్పెదను. రాజబెట్టుట వారపు కాలపట్టికకు అప్పగించిరి. రైలు తప్పిన దినమునకై డ్రై కాంటాక్టు థర్మోస్టాటు గలదు. ఉదయము ఇల్లు విడుచువారు కుంపటి యెదుటి చోటును, మూకుడును చూచి, దాని ప్రక్కనున్న చిన్న స్విచ్చిని వేసిపోయిననే ఆ థర్మోస్టాటు మాట చెల్లును. ఈఎస్‌పీ ముక్క చదువునే గాని వ్రాయదు. దాని అంకె ప్రక్కన అది అందిన వేళ కనబడును. కబురు నమ్మదగినదై, విన్నపము మితమైనదై, ఆ చలికాలపు మిగిలిన నెలలు సుఖముగానే గడచినవి, ఒక్క ఫిబ్రవరి సాయంకాలము తప్ప.

ఆ సాయంకాలము రైలు లోయలో ప్రవేశించునప్పటికి అల్లుని ఫోనులో 8 అని వచ్చినది. ముందునాటి రాత్రి తొట్టి నింపుట ఎవరివంతో వారిద్దఱును మెల్లగా వాదించుకొనిరి. చివరకు అల్లుడు ఎదురింటి అవ్వకు ఫోను చేసెను. ఆమె దగ్గఱ తాళపుచెవి యున్నది. ఎనుబదియేండ్ల తాను 15 కిలోల సంచి ఎత్తజాలననియు, చంటివానితో ఆ చలియింటికి పోవద్దనియు, తన వంటయింటిలో కట్టెల పొయ్యి ఉదయమునుండి మండుచునే యున్నదనియు ఆమె చెప్పినట్లు అతడు మాకు అనువదించెను. మేము పోయి ఆ పొయ్యి చుట్టు కూర్చుండి, ఆమె యిచ్చిన వేడి సూపు త్రాగుచుండగా, అల్లుడు మాత్రము నడుమనడుమ జేబులోని ఫోను తీసి చూచుచునే యుండెను. అది చూచిన ప్రతిసారియు, ఇప్పుడే అందిన వార్తయని వేళతో సహా, 8 అనియే చెప్పుచుండెను.